వంతెన దాటని గొడుగు

ఆ వీధిలో ఎవరి నవ్వునైనా ఎవరైనా మెచ్చుకుంటే పళ్ళక్క మొహం వెలిగిపోతుంది. సగం నవ్వులు ఆవిడ చేతి పనే మరి. పళ్ళ ఆస్పత్రి వెనక గదిలో కట్టుడు పళ్ళు చేయడం ఆవిడ ఉద్యోగం. ముందు గదిలో డాక్టరమ్మ నోటి అచ్చు తీసి లోపలికి పంపుతుంది. పళ్ళక్క దాంట్లో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు మలిచి, పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి, కీలున్న ఇత్తడి దవడకి బిగించి కరిపించి చూస్తుంది. ప్లాస్టరు గట్టిపడేదాకా ఎవరూ ఏమీ చెయ్యలేరు. తొందరపెడితే పగులుతుంది. అందుకే ఎదురుచూడడం ఆవిడకి విసుగు కాదు. ప్లాస్టరు మీద వేలు ఆనించి, అది వెచ్చబడి మళ్ళీ చల్లబడేదాకా ఏదో కూనిరాగం తీస్తూ కూచోగలదు.

ఆవిడ ఆడపడుచు సరిగ్గా దీనికి ఎదురు. భర్తకి అక్క, అంటే పళ్ళక్కకి వదిన. సిటీబస్సు నడుపుతుంది. ఎర్రదీపం పడితే ఎవరో పనిగట్టుకుని తనని అవమానించినట్టే ఉంటుంది ఆవిడకి. తమ్ముడి ఇంటికి వచ్చినా అదే తీరు: చెప్పులు విప్పకముందే కిటికీ గట్టు మీద వేలు రాసి, ఆ వేలిని వెలుతుర్లో పెట్టి చూసి, ఏమీ అనకుండా కూచునేది. ఆ అనకపోవడం పళ్ళక్కకి నాలుగు రోజులు చెవుల్లో మోగేది. పెళ్ళైన కొత్తలో మొదలైన ఈ ముభావం ఏళ్ళ తరబడి ఎండకుండా, తడవకుండా అలాగే ఉండిపోయింది. వదినా మరదళ్ళు అక్కచెల్లెళ్ళలా ఉండాలని సుద్దులు చెప్పేవాళ్ళు ఎవరైనా వాళ్ళ ముందు ఒక గంట కూచుని ఉంటే, ఆ సుద్దులు అక్కడే వదిలేసి పారిపోయేవాళ్ళు.

వాళ్ళిద్దరినీ కలిపింది ఒక కుక్క. బస్సుకి అడ్డం వచ్చింది. వదిన బ్రేకు వేసింది. కుక్క బతికింది, బస్సులో అందరూ బతికారు, వదిన ముందుపళ్ళు మాత్రం స్టీరింగు పాలయ్యాయి. కొత్త పళ్ళు పళ్ళక్కే చేసింది. కట్టుడు పళ్ళు ఒక్కసారిగా కుదరవు. కొరికించి చూసి, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో అక్కడ అరగదియ్యాలి. ఆస్పత్రి వరసలో కూచునే ఓపిక వదినకి లేదు కాబట్టి ఆదివారం మధ్యాహ్నం ఇంటికే వచ్చేది. పళ్ళక్క చిన్న ఆకురాయి, నీలం కాగితం పట్టుకుని ఎదురుగా కూచునేది. ఎక్కడ పన్ను ఎత్తుగా ఉంటే అక్కడ ఆ కాగితం మచ్చ వేస్తుంది.

"కొరుకు వదినా. గట్టిగా."

"నిన్నా, కాగితాన్నా?"

వాళ్ళ మధ్య పుట్టిన మొదటి హాస్యం అది. పళ్ళక్క నవ్వింది, చేతిలో ఆకురాయి జారింది. వదిన నవ్వబోయి, నోట్లో పళ్ళు ఇంకా కుదరలేదని గుర్తొచ్చి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

పళ్ళు అరగదీస్తున్నంతసేపూ వదిన చేతులకి పని లేదు. చేతులకి పని లేకపోతే ఆవిడ కళ్ళు దుమ్ము వెతుకుతాయి. అప్పుడే టీవీ కింద ఉన్న నల్లటి పెట్టె కంటపడింది.

"అదేంటి మరదలా?"

"వీడియో గేము వదినా. పాతదైపోయిందని ఆస్పత్రిలోంచి తీసేశారు. డాక్టరమ్మ నన్ను పట్టుకుపొమ్మంది."

ఆస్పత్రి ముందు గదిలో ఏడ్చే పిల్లల నోరు మూయించడానికి పెట్టిన పెట్టె అది. దాంట్లో ఉన్నది ఒకే ఒక ఆట: గాలివాటు గొడుగు. ఎవరో బస్సులో మరిచిపోయిన గొడుగు, తన మనిషి ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. అంతే కథ. గొడుగుకి కాళ్ళు లేవు, నోరు లేదు. ఆడేవాళ్ళ చేతిలో రెండే మీటలు: రిమోటుకి ఎడమ కొసన తెరిచేది, కుడి కొసన మూసేది. తెరిస్తే గాలి ఎత్తుకుపోతుంది, మూస్తే ధబ్బున పడుతుంది. ఎటు పోవాలో గాలి ఇష్టం. ఆ ఆటలోని ఊళ్ళో పిల్లులు బూట్లు వేసుకుంటాయి. గోడ గడియారాలకి జలుబు చేస్తుంది. ఎందుకని అడిగే పాత్ర లేదు, చెప్పే పాత్రా లేదు.

పళ్ళక్క ఆ ఆటని ఎప్పుడూ ఆడలేదు గానీ, ఎలా ఆడాలో తనకి తెలుసనుకుంది. వెనక గది అద్దంలోంచి ఏళ్ళ తరబడి చూసిందిగా. ఎప్పుడు చూసినా ఇద్దరు పిల్లలు ఒకే రిమోటుని చెరో కొసా పట్టుకుని, గుంజుకుంటూ, అరుచుకుంటూ ఆడేవాళ్ళు. వాళ్ళు ఆట కోసం కొట్టుకుంటున్నారని ఆవిడకి తోచలేదు. ఆ కొట్టుకోవడమే ఆట అనుకుంది. ఒకరు తెరవాలి, ఒకరు మూయాలి, ఇద్దరూ అరవాలి. మూడూ నియమాలే.

"నువ్వు ఆ కొస పట్టుకో వదినా. తెరవడం నీది, మూయడం నాది."

అలా మొదలైంది. ఆ తరవాత వదిన పళ్ళు ఎప్పుడో కుదిరిపోయాయి. అయినా ఏ ఆదివారమూ మానలేదు.

ఆ ఆదివారాలు ఎలా ఉండేవో పక్కింటివాళ్ళని అడిగితే చెబుతారు.

"తెరువు వదినా, తెరువు! గాలి వెనకనుంచి వస్తోంది, కళ్ళు కనపడ్డం లేదా?"

"నాకు గాలి గురించి చెప్తావా! రోజూ నా మొహానికి కొట్టేది గాలి కాక మరేంటి? నువ్వు మూయవేం?"

"నువ్వు వదిలితేగా నేను మూసేది!"

"అదిగో, చేపల తొట్లో పడింది. చేశావుగా నిర్వాకం!"

"నేనా? నేను చేసిన పళ్ళు పెట్టుకుని నన్నే తిడతావా!"

"చేసినప్పుడే కాస్త మెత్తగా చెయ్యాల్సింది."

పక్క గదిలో పళ్ళక్క భర్త పడుకునేవాడు. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం ఆయనది. వారమంతా మెట్లెక్కి దిగే మనిషి కాబట్టి ఆదివారం మధ్యాహ్నం నిద్ర ఆయనకి జన్మహక్కు. బయట గొంతులు లేచేకొద్దీ లోపల గురక నిలకడ పడేది. పెళ్ళాం, అక్క కలిసి తన మీద పడకుండా ఒక గొడుగు మీద పడుతుంటే అంతకన్నా సుఖం ఏముంటుంది?

ఊరంతా దాటించారు గానీ, ఆఖరి వంతెన మాత్రం వాళ్ళకి కొరుకుడు పడలేదు. వంతెన అవతలే గొడుగు మనిషి ఇల్లు. వంతెన మీద గాలి ఒకసారి వెనకనుంచీ ఒకసారి ముందునుంచీ తిప్పి తిప్పి కొడుతుంది. వెనకగాలికి తెరవాలి, ఎదురుగాలికి మూయాలి, రెప్పపాటు తేడా రాకూడదు. ఒకరి బుర్రతో రెండు వేళ్ళు నడిస్తే కుదురుతుందేమో. రెండు బుర్రలు, రెండు బొటనవేళ్ళు, మధ్యలో బోలెడు తిట్లు అయ్యేసరికి గొడుగు ప్రతిసారీ నదిలోకే. నదిలో పడితే మళ్ళీ వంతెన మొదట్లో తేలుతుంది. ఏళ్ళయినా వాళ్ళు ఆ వంతెన దాటలేదు. దాటకపోయినా అవతల ఇంట్లో ఎవరుంటారో మాత్రం ఇద్దరికీ ఖాయంగా తెలుసు. ఛాతీ బలం లేని బడిపంతులమ్మ అని పళ్ళక్క. ఎక్కేటప్పుడు తోసేసి, దిగేటప్పుడు మరిచిపోయే రకం లావుపాటి పెద్దమనిషి అని వదిన. "అలాంటివాళ్ళు మరిచిపోయినవి మా డిపోలో గుట్టలు పడి ఉంటాయి" అనేది.

అప్పుడొచ్చింది రెండోది.

ప్రమాదాలు లేకుండా నడిపినందుకు డిపోవాళ్ళు డ్రైవర్లకి బహుమానాలిచ్చారు. ముందుపళ్ళు పోగొట్టుకోవడం ప్రమాదాల కింద రాదట. తక్కినవాళ్ళు మిక్సీలు తీసుకుంటే వదిన కొత్త గేము పెట్టె తీసుకుని, దాంతోపాటు గాలివాటు గొడుగు రెండో భాగం కొనుక్కుని, ఆదివారం గుమ్మంలోంచే కేకేసింది.

"మరదలా! కొత్తదొచ్చింది. దీంట్లో స్టీరింగు ఉందట!"

పళ్ళక్క డబ్బా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మీద పెద్ద అక్షరాల్లో ఉంది: ఇప్పుడు ఇద్దరు కలిసి కూడా ఆడుకోవచ్చు!

"ఇప్పుడేంటి వదినా? మనం ఎప్పట్నుంచో ఇద్దరమేగా ఆడుతున్నాం."

అప్పుడే పడక సర్దుకుంటున్న భర్త లోపల్నుంచి అన్నాడు. "అది ఒక్కళ్ళు ఆడేదే."

ఇద్దరూ ఒక్కసారే తలుపు వైపు తిరిగారు.

"ఏంటీ?"

"పాతది. ఒక్కళ్ళు ఆడేది. రెండు చేతుల్లో పట్టుకుని రెండు మీటలూ ఒక్కళ్ళే నొక్కాలి. నాకెప్పుడో తెలుసు."

"తెలిసి చెప్పలేదేంరా తమ్ముడూ?"

"చెబితే ఒకళ్ళు ఆడుతుంటే రెండోవాళ్ళు వచ్చి నాతో కబుర్లు పెట్టుకుంటారు. నాకెందుకొచ్చిన గొడవ!" అని దుప్పటి ముసుగేశాడు.

వదిన కొత్త పెట్టె వైర్లు విప్పింది.

మొదటి బొమ్మ పడగానే ఇంకో దెబ్బ. ఒక ఇల్లు. గోడకి కొక్కెం. కొక్కేనికి వాళ్ళ గొడుగు, పొడిగా, హాయిగా వేలాడుతోంది. కింద కుర్చీలో గడ్డం పెంచుకున్న ఒక కుర్రవాడు కాఫీ తాగుతున్నాడు. రెండో భాగం కథ గొడుగు ఇల్లు చేరిన దగ్గర మొదలవుతుంది మరి.

"చేరిపోయిందా?" అంది పళ్ళక్క. "మనం చేర్చకుండానే?"

"వీడా!" అంది వదిన. "వీడి కోసమా మనం నదిలో అన్ని మునకలేసింది?"

రెండో భాగాల మీద జనానికి రెండు రకాల భక్తి ఉంటుంది. మొదటిదే మొదటిది, తక్కినవన్నీ చచ్చు అని కళ్ళు మూసుకుని తలాడించేవాళ్ళు ఒక రకం. కొత్తది కాబట్టే గొప్పది అని ఎగబడేవాళ్ళు ఇంకో రకం. ఈ రెండు రకాల్లో ఎవరూ ఆట ఆడి చూసిన పాపాన పోరు. నిజం చెప్పుకోవాలంటే ఆ రెండో భాగం బాగుంది. మొదటి దాంట్లో ఊరు అట్టముక్కలు కత్తిరించి నిలబెట్టినట్టుంటుంది. దీంట్లో వాన కురిస్తే కిటికీ మూసొద్దామా అనిపిస్తుంది. నీట మునిగిన సంత ఒకటుంది: కూరగాయల బుట్టలు తేలుతుంటాయి, తక్కెళ్ళు తెడ్లలా ఊగుతుంటాయి, వాటి మధ్యనుంచి గొడుగు తలకిందులై పడవలా పోతుంది. ఆ ఒక్క సంతకి మొదటి ఆట మొత్తంలో సాటి వచ్చే చోటు లేదు. పైగా గొడుగుని ఇప్పుడు ఎటు కావాలంటే అటు తిప్పొచ్చు. దారి తప్పితే బాణం గుర్తు చూపిస్తుంది.

కానీ పిల్లులు బూట్లు ఎందుకు వేసుకుంటాయో చెప్పడానికి ఒక అధ్యాయం మొత్తం పెట్టారు. బూట్ల కర్మాగారం, దాని యజమాని, ఆయన పోగొట్టుకున్న పిల్లి, ఆయన కన్నీళ్ళు. అంతా అయ్యాక బూట్లేసుకున్న పిల్లి కనిపిస్తే నవ్వు రాదు, ఓదార్చాలనిపిస్తుంది. గడియారాల జలుబుకి మందు కూడా దొరుకుతుంది. ఎవడో తెలివైనవాడు మొదటి ఆటకి ప్రశ్నపత్రం తయారుచేసి, అన్నిటికీ జవాబులు రాసి, నూటికి నూరు తెచ్చుకున్నట్టుంది.

ఇద్దరు ఆడే పద్ధతి కూడా సక్రమంగా పెట్టారు. ఇద్దరికీ చెరో రిమోటు, చెరో గొడుగు. ఎర్రది వదినది, పసుపుపచ్చది పళ్ళక్కది. తెర నిలువునా రెండుగా చీలుతుంది. ఎవరి సగంలో వాళ్ళు పోతారు.

వదిన చేతికి స్టీరింగు లాంటిది దొరికింది. ఇంకేం కావాలి? వెనక్కి చూడకుండా సంతలు, రేవులు, మేడలు దాటించేసింది. పళ్ళక్క ఇంకా మొదటి వీధిలోనే గొడుగు మూసుకుని చూరు కింద నిలబడి ఉంది. వాన ఆగుతుందేమో చూస్తోంది.

"ఎక్కడున్నావ్ మరదలా?"

"ఇక్కడే. వాన బాగుంది."

"ఊఁ."

అంతే. ఇంకో గంటకి ఇంకో ఊఁ. తిట్టుకోవడానికి కారణం లేదు. నీ తప్పుకి నా గొడుగు పడదు, నా తొందరకి నీ గొడుగు చిరగదు. ఆ ఆదివారం ఇద్దరూ ఎంతో మర్యాదగా ఆడుకున్నారు. టీ తాగేటప్పుడు వదిన "బాగుంది" అంది. పళ్ళక్క "చాలా బాగుంది" అంది. మీటర్లాయన గదిలోంచి జుట్టు రేగిపోయి బయటికొచ్చాడు.

"ఏమైంది? ఏమన్నా అనుకున్నారా మీరిద్దరూ?"

"లేదే."

"మరి ఈ నిశ్శబ్దం ఏంటి? నాకు నిద్ర పట్టి చావట్లేదు."

తరవాతి ఆదివారం కూడా అంతే. పోయేటప్పుడు వదిన కొత్త పెట్టె వైర్లు చుట్టి సంచిలో పెట్టుకుంది. "డ్యూటీ దిగాక కాసేపు ఆడుకుంటా. ఆదివారం తెస్తాలే" అంది. పెట్టె ఆవిడది, బహుమానం ఆవిడది. పళ్ళక్క ఏమంటుంది? "తీసుకెళ్ళు వదినా, దానికేం" అంది. తలుపేసి వచ్చి, టీవీ కింద, పాత పెట్టె పక్కన ఖాళీ అయిన చోటు తుడిచింది. అప్పటికే తుడిచి ఉన్న చోటే.

ఆ ఆదివారం వదిన రాలేదు. ఫోను చేసింది.

"ఈ వారం రాలేను మరదలా. ఆటలో దీపస్తంభం దగ్గర ఇరుక్కుపోయా. ఇది తేలితే గానీ లేవను."

"సరే వదినా."

"నువ్వేమనుకోవుగా?"

"ఏమనుకుంటాను? నాకూ పనుంది. పళ్ళు రెండు వరసలు మిగిలిపోయాయి."

పళ్ళూ లేవు, వరసలూ లేవు. ఆదివారం ఇంట్లో ఎవరి దవడలు అరగదీస్తుంది? ఫోను పెట్టేసి ఆవిడ కాసేపు కిటికీ దగ్గర నిలబడింది. కిటికీ గట్టు మీద దుమ్ము ఉంది. వేలు రాసి చూసేవాళ్ళు రారు కాబట్టి తుడవాలనిపించలేదు. వదిన రావాలి అని ఉంది మనసులో. కానీ రమ్మని పిలవడం ఎలా? ఏళ్ళ తరబడి ఆవిడ రాకుంటే బాగుండునని గుమ్మం వైపు చూసిన మనిషి, ఇప్పుడు ఏ మొహంతో రమ్మంటుంది? ఆ మాట నోటిదాకా వచ్చినా పళ్ళ మధ్యనుంచి బయటికి రాదు.

ఆ తరవాతి ఆదివారం ఫోను కూడా రాలేదు. మధ్యాహ్నం భర్త పక్క మీద అటు పొర్లి ఇటు పొర్లి చివరికి లేచి వచ్చాడు. పళ్ళక్క పాత పెట్టె ముందు ఊరికే కూచుని ఉంది. తెర మీద గొడుగు వంతెన మొదట్లో మూసుకుని పడుకుంది.

"నేను పట్టుకోనా ఒక కొస?" అన్నాడు, పక్కన చతికిలబడుతూ.

పళ్ళక్క ఆశ్చర్యంగా చూసి ఎడమ కొస ఇచ్చింది.

"ఇప్పుడు తెరవనా?"

"ఊఁ, తెరవండి."

"తెరిచా. వదిలెయ్యనా?"

"వదిలెయ్యండి."

"నువ్వేం కంగారు పడకు. నింపాదిగా మూసుకో."

గొడుగు నదిలో పడింది. పళ్ళక్క నోరు తెరిచింది. తిట్టాలి ఇప్పుడు. కానీ ఎదురుగా నిద్రమొహంతో, సాయం చేద్దామని వచ్చిన మొగుడు. తిడితే రాత్రి భోజనం దాకా సాగుతుంది, భోజనం దగ్గర ఇంకేవో పాతవి లేస్తాయి.

"మీతో లాభం లేదండీ. మీతో పోట్లాడితే సంసారం అవుతుంది."

"మరి అక్కతో అయితే?"

ఆవిడ తన కొస కూడా వదిలేసింది. ఆయన రిమోటు ఆవిడ ఒళ్ళో పెట్టి, "ఒక్కదానివే పట్టుకుని చూడరాదూ? అది ఒక్కళ్ళ ఆటేగా" అన్నాడు.

పట్టుకుంది. ఎడమ బొటనవేలు తెరిచే మీట మీద, కుడి బొటనవేలు మూసే మీట మీద. వెనకగాలి వచ్చింది, తెరిచింది. ఎదురుగాలి వచ్చింది, మూసింది. వెంట్రుకవాసి తేడాలు పట్టి అరగదీసే వేళ్ళకి అదొక లెక్కా? వంతెన సగం దాటింది. ముప్పావు దాటింది. ఎవరూ అరవలేదు, ఎవరూ గుంజలేదు, గొడుగు ఎగురుకుంటూ పోయి అవతలి ఒడ్డున ఇంటి గేటు ఊచకి తగులుకుని ఆగింది. ఏళ్ళుగా కొరుకుడు పడనిది మొదటిసారికే అయిపోయింది. కూరలో ఉప్పు మరిచిపోయినట్టు ఉంది ఆవిడకి.

"అరె, దాటేశావే!" అన్నాడు భర్త. "ఇంకేం, లోపలికి పడెయ్యి."

ఎలా పడాలో చూస్తేనే తెలుస్తోంది. తెరిచే మీట ఒక్కసారి నొక్కి వదిలితే గొడుగు ఊచనుంచి ఊడుతుంది. ఊడిన క్షణంలోనే మూస్తే గేటు లోపల పడుతుంది. ఆట అయిపోతుంది. మూయకపోతే గాలి ఎత్తుకుపోతుంది.

ఆవిడ ఎడమ బొటనవేలు తీసేసింది. రిమోటుని అద్దం సామానులా బల్ల మీద పెట్టింది. వదినకి ఫోను చేసింది.

"వదినా, వంతెన దాటేశా."

అటువైపు దీపస్తంభం సముద్రపు హోరు ఠక్కున ఆగిపోయింది.

"ఏ వంతెన?"

"మన వంతెనే. గేటు దగ్గర ఉన్నా."

"ఎవరితో? తమ్ముడితోనా? వాడికి తెరవడం కూడా వచ్చా?"

"ఒక్కదాన్నే."

అటునుంచి వదిన గొంతు, అచ్చం ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని లోపలికి నడవమనే గొంతు. "చెయ్యి తియ్యి. ఏదీ ముట్టుకోకు. నన్నొదిలేసి గేటు దాకా పోయావా నువ్వు! ఎంత ధైర్యం! వస్తున్నా, అలాగే కూచో."

వదిన వేరే డ్రైవరు బస్సెక్కి, ముందు సీట్లో కూచుని, దారి పొడుగునా ఆయనకి గేర్లు ఎప్పుడు మార్చాలో చెబుతూ వచ్చింది. ఆ డ్రైవరు తరవాత డిపోలో మొరపెట్టుకున్నాడట. వచ్చి, చెప్పులు విప్పకుండానే కిటికీ గట్టు మీద వేలు రాసింది. వేలు వైపు చూసింది.

"నాలుగు వారాలు రాకపోతే ఇల్లు ఇలా పెట్టుకుంటావన్నమాట."

"నాలుగెక్కడ? రెండేగా అయ్యింది" అంది పళ్ళక్క. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

వదిన కింద కూచుని తెర వైపు చూసింది. గేటు ఊచకి వేలాడుతూ గొడుగు చిన్నగా ఊగుతోంది. లోపల ఇల్లు, కిటికీలో వెలుతురు, పరదా వేసి ఉంది. లోపల ఎవరున్నారో కనపడదు.

"వాడేనా లోపల? ఆ గడ్డపోడు?"

"రెండో దాంట్లో వాడు. దీంట్లో ఎవరో ఇంకా తెలీదుగా. పంతులమ్మ అయ్యుండొచ్చు."

"పంతులమ్మా లేదు, గింతులమ్మా లేదు. లావుపాటాయన." వదిన ఎడమ కొస పట్టుకుంది. "చెప్పు, ఏం చెయ్యాలి?"

"నువ్వు ఒక్క క్షణం తెరిచి వదిలెయ్యి. నేను మూస్తా. అంతే, ఇంటికి చేరిపోతుంది."

"చేరిపోతే?"

"చేరిపోతే అయిపోతుంది."

వదిన తలాడించింది. మీటర్లాయన కూడా గుమ్మంలోంచి మెడ సాచి చూశాడు. వదిన మీట నొక్కింది. గొడుగు ఫట్ మని విచ్చుకుంది. ఊచ వదిలింది.

వదిన మీట వదల్లేదు. పళ్ళక్క మూయలేదు.

గాలి అందుకుంది. గొడుగు గేటు మీదుగా, వంతెన మీదుగా, నది మీదుగా, చేపల అంగడి మీదుగా, బూట్లేసుకున్న పిల్లులు తలలెత్తి చూస్తుండగా, ఊరికి ఆ చివరనుంచి ఈ చివరికి ఎగిరిపోయింది. ఎగిరి ఎగిరి, కథ మొదలైన చోట, బస్సు మెట్టు మీద పడి మూసుకుంది.

"చూశావా! మూయమంటే మూయవేం?"

"నువ్వు వదిలితేగా! క్షణం అన్నానా లేదా? నీ క్షణం అంత పొడుగా?"

"నా బొటనవేలు పట్టేసింది!"

"బస్సు బ్రేకు మీద కాలు ఎప్పుడన్నా పట్టేసిందా వదినా?"

"నువ్వు మాత్రం? వెంట్రుకలో సగం అరగదీస్తానని గొప్పలు చెప్పేదానివి, ఇంత మీట కనపడలేదా?"

"నేను చేసిన పళ్ళు పెట్టుకుని—"

"ఆఁ, పెట్టుకునే తిడతా! మెత్తగా చెయ్యాల్సింది! పట్టుకో ఆ కొస. చేపల అంగడి దాకా పోదాం ఇవాళ."

"కొత్తది తేలేదేం?"

"అది డ్యూటీ దిగాక నాకు పనికొస్తుంది. దాంట్లో ఆ మునిగిన సంత బాగుంటుంది, సంత కోసం నిన్ను ఒకరోజు మా ఇంటికి తీసుకెళ్తాలే. తెరుస్తున్నా, చూసుకో!"

"ఆగు, ఎదురుగాలి వదినా, ఎదురుగాలి!"

మీటర్లాయన గుమ్మంలోంచి వెనక్కి తిరిగాడు. అక్క నవ్వుతూ తిడుతోంది, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పై వరస మొత్తం కనపడేలా. మంచి పనితనం అనుకున్నాడాయన. తలుపు సగం తెరిచే ఉంచి పడుకున్నాడు. అక్కడ గొడుగు చేపల తొట్లో పడి, తప్పు ఎవరిదో ఇంకా తేలకముందే ఆయన గురక మొదలైంది.